గుమ్మం దాటేదాకే దాని పెత్తనం

రండర్రా, ఇలా జరిగి కూర్చోండి. చాప మీద ఇంకా చోటుంది. ఆ వాలుకుర్చీ జోలికి మాత్రం వెళ్ళకండి, సీరియల్ అయిపోగానే మీ నానమ్మ వచ్చి కూర్చుంటుంది. వేరుశెనక్కాయలు మధ్యలో పెట్టుకోండి. తొక్కలు గిన్నెలో వెయ్యండి, అరుగంతా చల్లారంటే రేపు పొద్దున్న చీపురు మీ చేతికే వస్తుంది.

ఇందాక పెద్దాడు ఒక మాట అడిగాడు. "తాతయ్యా, కరోనాలో మళ్ళీ కొత్త వేరియంటు వచ్చిందటగా? ఇది పాతవాటికంటే డేంజరా? ఐసీయూలో పడితే ఇంక బతకరా?" అని. ఒక్క గుక్కలో అడిగేశాడు గానీ, అందులో రెండు ప్రశ్నలున్నాయి. జబ్బు మనిషిని ఐసీయూ గుమ్మం దాకా ఈడ్చుకెళ్తుందా అన్నది ఒకటి. గుమ్మం దాటి లోపల మంచం ఎక్కాక ఆ మనిషి ఏమవుతాడన్నది ఇంకొకటి. మొదటిదాంట్లో వేరియంటుదే పెద్ద చెయ్యి. రెండోదాంట్లో దాని మాట చాలావరకు చెల్లదు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు భలే వింతగా అనిపించిందిరా. అది మీకూ చెబుదామనే ఇవాళ పిలిచాను.

ముందు వేరియంటంటే ఏమిటో చూద్దాం. కరోనా వైరస్ అంటే పెద్ద వస్తువేం కాదు, కొవ్వు పొరలో చుట్టిపెట్టిన పొడుగాటి ఉత్తరం ముక్క. దాంట్లో దాదాపు 30 వేల అక్షరాలు. అక్షరాలంటే మన యాభయ్యారూ కాదు, నాలుగే నాలుగు. వాటినే అటూ ఇటూ పేర్చి రాసిన ఉత్తరం. వైరస్ మన కణంలోకి దూరి, మన సరంజామాతోనే ఆ ఉత్తరానికి వేలకు వేల నకళ్ళు తీయించుకుంటుంది. నకలు రాసేటప్పుడు అక్షరం తప్పు పోవడం మామూలే కదా, మన బుడ్డిది డిక్టేషన్ రాసినప్పుడు చూడటంలేదూ! ఏయ్, మూతి ముడవకు, ఊరికే అన్నాను. ఫ్లూ వైరస్‌కి తప్పులు దిద్దేవాళ్ళెవరూ లేరు. కరోనాకి మాత్రం వెనకాలే వచ్చి దిద్దే ఎంజైము ఒకటుంది. అయినా కొన్ని దాని కన్నుగప్పి పోతాయి. మొదటి ఏడాదిలో లెక్క కడితే ఒక్కో వంశంలో నెలకి సుమారు రెండక్షరాల చొప్పున మారుతూ వచ్చాయట. చాలా తప్పులవల్ల దానికి ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. ఎప్పుడో ఒకసారి మాత్రం, వైరస్ మీదుండే ముళ్ళ ప్రొటీన్‌లో సరిగ్గా ఒకచోట అక్షరం మారి, మన కణానికి అతుక్కోవడం తేలికవుతుంది. అప్పుడా నకలు మిగతావాటిని తోసేసి ముందుకొస్తుంది. దానికే మనవాళ్ళు పేరు పెడతారు.

మొదట్లో ఎక్కడ కనపడితే ఆ ఊరి పేరో దేశం పేరో తగిలించేవాళ్ళు. పాపం, ఆ ఊరివాళ్ళేం చేశారు? అందుకే 2021 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రీకు అక్షరాలు వాడమని చెప్పింది. ఇంగ్లండులో కెంట్ దగ్గర బయటపడింది ఆల్ఫా అయింది, మన దేశంలో మొదట కనిపించింది డెల్టా అయింది. ఆ వరసలో రెండక్షరాలు దాటేసి ఒమిక్రాన్‌కి వెళ్ళారు. ఒకటి 'న్యూ', ఇంగ్లీషులో కొత్త అనే మాట అనుకుని జనం తికమకపడతారని వదిలేశారు. రెండోది చైనాలో చాలామందికి ఇంటిపేరని వదిలేశారు.

ఇప్పుడు ఐసీయూ సంగతి. ఇది ఎక్కడ పుట్టిందో తెలుసా? దీనికి డెన్మార్క్ దాకా పోవాలి. 1952 వేసవిలో కోపెన్‌హాగెన్ ఊళ్ళో పోలియో విరుచుకుపడింది. మామూలుగా కాళ్ళూ చేతులే పడిపోయే జబ్బు, అక్కడ ఎంతోమందికి ఊపిరి తీసే కండరాల్ని పట్టేసింది. బ్లెగ్‌డామ్ అనే అంటురోగాల ఆసుపత్రిలో పెట్టారు వాళ్ళని. అక్కడున్నదేమో ఒకే ఒక్క ఇనుప ఊపిరిపెట్టె, ఇంకో అరడజను చిన్న యంత్రాలు. మొదటి మూడు వారాల్లో ఊపిరాడని 31 మంది వస్తే 27 మంది పోయారు. పెద్ద డాక్టరు లాసెన్‌కి దిక్కుతోచలేదు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ని పిలిపించారు. ఆపరేషన్ గదిలో మత్తిచ్చేవాడికి అంటురోగాల వార్డులో ఏం పని అని అందరూ అనుకునే రోజులవి. ఆయనొచ్చి, పోయేలా ఉన్న పన్నెండేళ్ళ పిల్ల గొంతు దగ్గర చిన్న రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచి పిసుకుతూ చేత్తోనే ఊపిరందించాడు. ఆ పిల్ల బతికింది.

మరి చేత్తో సంచి పిసకాలంటే ఎంతసేపు పిసుకుతారు? పగలూ రాత్రీ, వారాల తరబడి, ఒక్క క్షణం ఆపకుండా పిసకాలి. మెడికల్ కాలేజీ పిల్లల్ని పిలిచారు. సుమారు 1,500 మంది విద్యార్థులు షిఫ్టులు వేసుకుని రోగుల తలాపున కూర్చున్నారు. ఒక దశలో ఒకేసారి 70 మందికి అలా చేతుల మీదుగానే ఊపిరి నడిచింది. మీ అన్నయ్య కంటే నాలుగైదేళ్ళు పెద్దవాళ్ళు, అంతే. కొద్ది నెలల్లో నూటికి 87 మంది పోయేచోట 40 మందికి తగ్గింది. మరుసటి ఏడాది డిసెంబరులో ఇబ్సెన్ ఆ ఊళ్ళోనే ఇంకో ఆసుపత్రిలో, ఏ రోగమైనా సరే ప్రాణం మీదికొచ్చినవాళ్ళందరినీ ఒకేచోట పెట్టి కనిపెట్టుకుని చూసే గది తెరిచాడు. ఇవాళ మనం ఐసీయూ అంటున్నది దాని సంతానమే.

ఇంత కథ ఎందుకు చెప్పానో కనిపెట్టారా? ఆ నెలల్లో పోలియో వైరస్ ఏమీ మెత్తబడలేదురా. వైరస్ అదే, ఊరు అదే, పిల్లలూ అలాంటి పిల్లలే. మారింది ఊపిరందించే పద్ధతి ఒక్కటే. దానికే చావులు సగానికి పైగా తగ్గాయి. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కరోనాలో పనికొస్తుంది.

మన ఊపిరితిత్తుల్లో సుమారు 48 కోట్ల గాలి బుడగలున్నాయి. గోడలు ఎంత పల్చనంటే ఇటు గాలి, అటు రక్తం, మధ్యలో ఉందా లేదా అన్నట్టుంటుంది పొర. కరోనా ముదిరినవాళ్ళలో ఆ పొర వాచి, చెమ్మ ఊరి, బుడగల్లో నీరు నిండుతుంది. గాలి లోపలికి వెళ్తుంది గానీ రక్తంలోకి చేరదు. వేలికి క్లిప్పు పెట్టి చూసేవాళ్ళం గుర్తుందా, 98, 97 అంటూ? ఆ అంకె పడిపోవడం ఇందువల్లే. దీనికి డాక్టర్లు 1967లోనే పేరు పెట్టారు, కరోనా పుట్టకముందు యాభై ఏళ్ళకి పైగా. న్యుమోనియా ముదిరినా, ఒంట్లో విషం పాకినా, పెద్ద దెబ్బ తగిలినా చివరికి ఊపిరితిత్తులు ఇలాగే వాస్తాయని వాళ్ళు గమనించారు. వైద్యం కూడా ముందే నేర్చుకున్నారు. వెంటిలేటర్‌తో గాలి గట్టిగా ఊదితే మిగిలిన మంచి బుడగలు కూడా చిరుగుతాయి. అందుకని ఒంటి బరువు కిలోకి 6 మిల్లీలీటర్ల చొప్పున కొద్దికొద్దిగా ఊదాలని 2000లో అమెరికావాళ్ళు తేల్చారు. 12 చొప్పున ఊదినచోట నూటికి 40 మంది పోతే, 6 చొప్పున ఊదినచోట 31 మంది పోయారు. ఆ కిలోలు కూడా తూకం వేసిన కిలోలు కావు, ఎత్తుని బట్టి కట్టే లెక్క. మీ మావయ్యకి పొట్ట పెరిగిందని ఊపిరితిత్తులు పెరగవు కదా! తర్వాత 2013లో ఫ్రాన్సువాళ్ళు, బాగా ముదిరిన రోగుల్ని దఫాకి పదహారు గంటలపైన బోర్లా పడుకోబెడితే చావులు నూటికి 33 నుంచి 16కి దిగాయని చూపించారు. బోర్లా తిప్పడమంటే తేలికనుకునేరు, గొట్టాలూ వైర్లూ ఊడకుండా తిప్పడానికి నలుగురైదుగురు నర్సులు కావాలి.

ఈ రెండూ ఏ కరోనా వేరియంటునీ ఎరగని వైద్యాలు. అయినా ఆల్ఫాకీ, డెల్టాకీ, ఒమిక్రాన్‌కీ ఐసీయూలో చేసింది ఇవే.

సరే, ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. మీ నానమ్మ బియ్యం జల్లించడం చూశారుగా? జల్లెడ కళ్ళు సన్నగా ఉంటే కింద పళ్ళెంలో పిండీ, చిన్న నూకా మాత్రమే రాలతాయి. కళ్ళు పెద్దవైతే ముక్కలేగాక మంచి గింజలు కూడా రాలిపోతాయి. వేరియంటు చేసే పని ఈ జల్లెడ పని అనుకోండి. ఊరందరికీ జబ్బు వస్తుంది, అందులోంచి ఐసీయూ అనే పళ్ళెంలోకి ఎంతమంది, ఎలాంటివాళ్ళు రాలతారన్నది జల్లెడ కళ్ళని బట్టి ఉంటుంది.

2020 చివర్లో ఇంగ్లండులో ఆల్ఫా చెలరేగినప్పుడు ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు ఇదే లెక్క తీశారు. పాత వైరస్ సోకినవాళ్ళతో పోలిస్తే ఆల్ఫా సోకినవాళ్ళు ఐసీయూకి చేరే ముప్పు ఇంచుమించు రెట్టింపయింది. నెలలోపు చనిపోయే ముప్పు కూడా సుమారు అరవై శాతం పెరిగింది. అంటే జల్లెడ కళ్ళు పెద్దవయ్యాయన్నమాట. ఆ తర్వాత వాళ్ళు ఐసీయూ లోపలికి తొంగిచూశారు. వయసూ, పాత జబ్బులూ అన్నీ సరిచూసుకుని, లోపలున్నవాళ్ళలో ఆల్ఫావాళ్ళనీ పాత వైరస్‌వాళ్ళనీ పక్కపక్కన పెట్టి పోల్చారు. చావుల్లో తేడా కనబడలేదు! అదే సమయంలో లండన్‌లో రెండు ఆసుపత్రులవాళ్ళు, తమ దగ్గర చేరినవాళ్ళ వైరస్‌ని అక్షరం అక్షరం చదివించి చూస్తే వాళ్ళకీ జబ్బు తీవ్రతలో తేడా కనబడలేదు. ఇంతకుముందు చెప్పిన అరవై శాతానికీ దీనికీ పొంతన కుదరదేమని అనిపించవచ్చు. కుదరకపోవడమేం లేదు. ఒకళ్ళు జల్లెడని కొలిచారు, ఒకళ్ళు పళ్ళెంలో పడ్డాక ఏమయిందో కొలిచారు.

"ఎందుకలా?" అంటున్నావు కదూ బుడ్డీ? మంచి ప్రశ్న. మనిషికి జ్వరం మొదలైన రోజుల్లో వైరస్‌ది ఇష్టారాజ్యం. నకళ్ళ మీద నకళ్ళు. ఐసీయూకి చేరేసరికి మామూలుగా వారం పదిరోజులవుతుంది. అప్పటికి చాలామందిలో వైరస్ తగ్గుముఖం పట్టి ఉంటుంది. ఇంకా తగ్గనిదల్లా మన ఒంటి కోపం. వైరస్ మీద యుద్ధానికి లేచిన రక్షణ కణాలు ఆగమంటే ఆగవు, సొంత ఊపిరితిత్తుల్నే వాచిపోయేలా చేస్తాయి. అక్కడికొచ్చాక నిప్పు ఎవరు పెట్టారని అడిగి లాభం లేదు.

దీనికి రుజువు మందుల్లోనే ఉంది. 2020 జూన్‌లో ఇంగ్లండులో రికవరీ అనే పెద్ద ప్రయోగంవాళ్ళు డెక్సామెథసోన్ గురించి చెప్పారు. కొత్తదేం కాదు, అరవై ఏళ్ళ నాటి పాత స్టెరాయిడ్. మన ఊరి మందుల షాపులో కూడా కొద్ది రూపాయలకి దొరుకుతుంది. వెంటిలేటర్ మీదున్నవాళ్ళకి రోజుకి 6 మిల్లీగ్రాములిస్తే నూటికి 41 మంది పోయేచోట 29 మందే పోయారు. ఆక్సిజన్ కూడా అక్కర్లేనివాళ్ళకిస్తే మాత్రం ఏ లాభమూ కనిపించలేదు. అది వైరస్‌ని తాకను కూడా తాకదర్రా. మన ఒంటి కోపాన్ని చల్లారుస్తుంది, అంతే. అందుకే వైరస్ ఎన్నిసార్లు అక్షరాలు మార్చుకున్నా ఆ మందుకి పని పోలేదు.

అదే ప్రయోగంలో ఇంకో మందూ గెలిచింది. రెండు యాంటీబాడీలు కలిపిన కాక్‌టెయిల్. మన దేశంలో 2021 మేలో వచ్చినప్పుడు డోసు దాదాపు 60 వేల రూపాయలు. అది నేరుగా వైరస్ ముళ్ళకి అతుక్కుని పట్టేస్తుంది. ఒంట్లో సొంత యాంటీబాడీలు ఇంకా పుట్టని ఆసుపత్రి రోగుల్లో చావుల్ని నూటికి 30 నుంచి 24కి తగ్గించింది. బాగుంది కదా? బాగానే ఉంది, ఒమిక్రాన్ వచ్చేదాకా. ఒమిక్రాన్ ముళ్ళల్లో 30కి పైగా మార్పులు. ఈ యాంటీబాడీలకి పట్టు దొరికే చోటే మారిపోయింది. 2022 జనవరికల్లా అమెరికాలో దాన్ని పక్కనపెట్టేశారు. ఐసీయూలో వేరియంటు మాట చెల్లే చోటు ఇదొకటి. వైరస్‌ని గురిపెట్టిన మందులు దాని దయమీద ఉంటాయి, ఒంటిని చక్కబెట్టే మందులు ఉండవు.

ఇంక డెల్టా. దాని గురించి మీకు చెప్పక్కర్లేదు, చిన్నవాళ్ళైనా ఆ 2021 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. వీధిలో అంబులెన్సు కూతలే కూతలు. కెనడాలో ఒంటారియో రాష్ట్రంవాళ్ళు లెక్క తీస్తే, మొదటి రకం వైరస్‌తో పోలిస్తే డెల్టా సోకినవాళ్ళకి ఆసుపత్రిలో చేరే ముప్పు రెండింతలు దాటింది, ఐసీయూ ముప్పు మూడింతలు దాటింది, చావు ముప్పు రెండింతల పైనే. జల్లెడ కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. నలభై ఏళ్ళవాళ్ళు, గట్టి గింజల్లాంటివాళ్ళు కూడా రాలిపడ్డారు.

అప్పుడే మన రాష్ట్రం పేరుతో ఒక పుకారు పుట్టింది. ఏపీ స్ట్రెయిన్ అట, కర్నూల్లో పుట్టిందట, పదిహేను రెట్లు ప్రమాదకరమట! టీవీల్లో, వాట్సాప్‌లో ఎక్కడ చూసినా అదే. ఢిల్లీ ప్రభుత్వమైతే ఆంధ్రా, తెలంగాణల నించి వచ్చేవాళ్ళని పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో పెట్టాలని ఉత్తర్వే ఇచ్చేసింది. దాని మూలం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఎన్440కె అని ఒక మార్పు ఉంది. హైదరాబాదు ఉప్పల్‌లో సీసీఎంబీ ఉంది కదా, అక్కడివాళ్ళు గాజుపాత్రలో పెంచిన కణాల్లో దాన్ని వదిలితే చాలా ఎక్కువ నకళ్ళు తీసుకుంటోందని చూశారు. గాజుపాత్రలో నకళ్ళు పెరగడం వేరు, మనిషి ప్రాణం పోవడం వేరు. జనంలో ఆ రకం అప్పటికే వెనకబడిపోతోందని, డెల్టా దాన్ని తోసేస్తోందని సీసీఎంబీవాళ్ళే చెప్పారు. వింటేగా! ఊరి పేర్లు వద్దని గ్రీకు అక్షరాలు తెచ్చింది సరిగ్గా ఆ మే నెలాఖరునే.

డెల్టా నాటి చావులన్నీ డెల్టా పద్దులోనే రాయడం కూడా న్యాయం కాదర్రా. ఒక్క మంచానికి ముగ్గురొస్తే ఏమవుతుంది? ఒక నర్సు ఇద్దర్ని చూసుకోవాల్సిన చోట ఎనిమిది మందిని చూసుకుంటే? బోర్లా తిప్పడానికి నలుగురు కావాలన్నానే, ఆ నలుగురూ దొరకరు. ఆక్సిజన్ ట్యాంకరు రావడం అరగంట ఆలస్యమైతే ఇంకేం చెప్పను. అమెరికాలో 558 ఆసుపత్రుల లెక్కలు తీశారు. 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు, అంటే ఆల్ఫా డెల్టాల పేర్లు పుట్టకముందు. రోగులు పోటెత్తిన ఆసుపత్రుల్లో చావులు పెరిగాయి, మొత్తం మీద కరోనా మరణాల్లో నాలుగింట ఒకటి ఆ రద్దీ వల్లే కావచ్చని తేలింది. వేరియంటు మారకుండానే అంత తేడా! అయితే వేగంగా అంటుకునే వేరియంటు ఒక్కసారిగా అందర్నీ పడేసి ఆ రద్దీని తెచ్చిపెడుతుంది. లోపల మంచం మీదున్నవాడికి వేరియంటు చేసే చెడుపు చాలావరకు ఇలా దొడ్డిదారిన వచ్చేదే. పైగా మన దేశంలో షుగరు ఎక్కువ, దానికితోడు స్టెరాయిడ్లు అవసరమున్నా లేకపోయినా వాడేశారు. బ్లాక్ ఫంగస్ దానికి తోడైంది. ఆ సంగతి ఇంక వద్దు, వేరుశెనక్కాయలు చేదెక్కుతాయి.

"తాతయ్యా, వైరస్ పాతబడేకొద్దీ మెత్తబడుతుందటగా?" అని ఎవరో అన్నారు ఇందాక. అందరూ అనే మాటే. దీనికి ఆస్ట్రేలియా కుందేళ్ళ కథ చెప్పాలి.

1859లో థామస్ ఆస్టిన్ అనే దొర, వేటాడుకోవడానికి సరదాగా ఉంటాయని ఇంగ్లండు నించి కుందేళ్ళు తెప్పించి వదిలాడు. సరదా కాస్తా దేశమంతా పాకింది. కోట్లకు కోట్లయ్యాయి, గడ్డి మొత్తం మేసేశాయి, గొర్రెలకి మేతే లేదు. చివరికి 1950లో మిక్సోమా అనే కుందేలు వైరస్‌ని వదిలారు, దోమలు దాన్ని మోసుకెళ్ళాయి. మొదట్లో సోకిన కుందేళ్ళలో నూటికి 99కి పైగా చచ్చాయి. సరిగ్గా అప్పుడే అక్కడి ఊళ్ళలో మనుషులకి మెదడువాపు వచ్చింది. కుందేళ్ళ వైరసే మనకంటిందని జనం గగ్గోలు పెట్టారు. అప్పుడు ఫ్రాంక్ ఫెన్నర్, మాక్‌ఫార్లేన్ బర్నెట్, ఇయాన్ క్లూనీస్ రాస్ అని ముగ్గురు పెద్ద శాస్త్రవేత్తలు ఏం చేశారో తెలుసా? ఆ వైరస్‌ని తమ ఒంట్లోకి తామే ఇంజెక్షన్ చేసుకున్నారు! ఏమీ కాలేదు. మెదడువాపు వేరే వైరస్ పని. ఆ ఫెన్నరుగారే తర్వాత, 1980లో, మశూచి లోకంలో లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సభలో ప్రకటించారు. మీరెవరూ ఇలాంటి ఇంజెక్షన్లు చేసుకోకండేం.

తర్వాత కొన్నేళ్ళకి ఆ వైరస్ నిజంగానే కొంత మెత్తబడింది. వెంటనే చచ్చిన కుందేలుని దోమ ఎన్ని రోజులు కుడుతుంది? ఎక్కువ రోజులు కొనవూపిరితో ఉన్న కుందేలు నుంచే వైరస్ ఎక్కువ దోమలకెక్కుతుంది. అందుకని మధ్యరకం నిలదొక్కుకుంది. అయితే ఆ మధ్యరకం కూడా నూటికి డెబ్భై నుంచి తొంభైకి పైగా చంపేదే! దాన్ని మెత్తన అంటారా? మరి కరోనా సంగతేమిటి? అది మనిషి మంచం పట్టకముందే, ఒంట్లో బాగానే ఉన్నట్టు తిరిగేటప్పుడే పక్కవాడికి అంటుకుంటుంది. మూడో వారంలో ఆ మనిషి ఐసీయూలో ఉన్నాడా, ఇంట్లో పెరుగన్నం తింటున్నాడా అన్నదానితో వైరస్‌కి పనే లేదు. దాని పని ఎప్పుడో అయిపోయింది. కాబట్టి మెత్తబడి తీరాలన్న నియమం దానికి లేదు. ఆల్ఫా తర్వాత వచ్చిన డెల్టా మెత్తగా వచ్చిందా?

ఒమిక్రాన్ మాత్రం, మన అదృష్టం కొద్దీ, ఊపిరితిత్తుల అడుగుకి అంతగా దిగలేదు. 2021 నవంబరులో బోట్స్వానా, దక్షిణాఫ్రికాల్లో బయటపడిందా, నెల తిరక్కముందే హాంకాంగ్ విశ్వవిద్యాలయంవాళ్ళు మనిషి గాలిగొట్టం కణజాలంలోనూ, ఊపిరితిత్తి కణజాలంలోనూ దాన్ని పెంచి చూశారు. పై గొట్టాల్లో ఒక్కరోజులో డెల్టాకంటే 70 రెట్లు ఎక్కువ పెరిగింది. ఊపిరితిత్తిలో మాత్రం మొదటి వైరస్‌తో పోలిస్తే పదో వంతు కూడా లేదు. లోపలి కణాల్లోకి దూరడానికి డెల్టా వాడుకునే ఒక ప్రొటీన్‌ని ఒమిక్రాన్ సరిగ్గా వాడుకోలేకపోతోందని కేంబ్రిడ్జివాళ్ళు చెప్పారు. ఇంగ్లండు లెక్కల్లో డెల్టాతో పోలిస్తే చావు ముప్పు సుమారు డెబ్భై శాతం తగ్గింది. జల్లెడ కళ్ళు బాగా సన్నబడ్డాయి.

ఆ హాంకాంగ్‌లోనే తర్వాతేం జరిగిందో చూడండి. 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒమిక్రాన్ అక్కడ విరుచుకుపడింది. ఆ ఊళ్ళో ఎనభై దాటిన ముసలివాళ్ళలో ఎక్కువమంది టీకా వేయించుకోలేదు. అంతకుముందు వచ్చిన వేవ్‌లు ఆ ఊరిని పెద్దగా తాకలేదు కాబట్టి పాత జబ్బు ఇచ్చిన రక్షణా లేదు. మార్చిలో జనాభా లెక్కన చూస్తే ప్రపంచంలోకెల్లా ఎక్కువ కరోనా చావులు జరిగిన చోట్లలో అదొకటి. మెత్తని వేరియంటు అని పేరుపడ్డ ఒమిక్రానే అది! ఆ మెత్తదనంలో కొంత వైరస్‌దైతే కొంత టీకాలదని అక్కడ తెలిసొచ్చింది.

ఇంకొక్క మాట. ఒమిక్రాన్ రోజుల్లో ఫ్రాన్సు ఐసీయూల్లో ఎవరు చేరారో చూశారు. టీకా వేయించుకున్నవాళ్ళ వాటా డెల్టా నాటికంటే పెరిగింది. "చూశారా, టీకా పనిచెయ్యలేదు" అని అప్పుడు కొందరన్నారు. పళ్ళెంలో ఉన్నదాన్నే చూసి జల్లెడకి తీర్పు చెప్పడమంటే ఇదే. లోపల చేరినవాళ్ళలో చాలామంది కిడ్నీ లాంటివి మార్పించుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్నవాళ్ళు, లేదా మరో జబ్బువల్ల ఆ శక్తి తగ్గినవాళ్ళు. సన్నజల్లెడలోంచి రాలేది అలాంటివాళ్ళేగా! టీకా వేసినా వాళ్ళ ఒంట్లో యాంటీబాడీలు సరిగా పుట్టవు. అందుకే ఒమిక్రాన్ కాలంలో కూడా లోపలికొచ్చినవాళ్ళ పరిస్థితి తేలికేమీ కాలేదు. వచ్చేవాళ్ళు తగ్గారు, వచ్చినవాళ్ళు మాత్రం ముందే నలిగిపోయి వచ్చారు. అలాంటివాళ్ళని చేర్చుకునేటప్పుడు డాక్టరుకి కావలసింది వేరియంటు పేరు కంటే ముందు వేరే సంగతులు. కిడ్నీ మార్పిడి అయిందా, కీమో నడుస్తోందా, ఆఖరి టీకా ఎప్పుడు వేయించుకున్నారు, జ్వరం మొదలై ఎన్ని రోజులైంది.